గోధుమ దేశంలో మా చిట్టి

యాత్ర అనగానే మనవాళ్ళకు ముందుగా దేవుడు గుర్తుకు వస్తాడో, భోజనం గుర్తుకు వస్తుందో చెప్పడం కష్టం. శ్రీనాథుడంతటి కవిసార్వభౌముడు పల్నాటికి వెళ్ళి, అక్కడి జొన్నకూడు మింగుడుపడక చాటువులు చెప్పి మరీ విసుక్కున్నాడు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, సుమారు నూరుమంది పరివారంతో కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఆయన రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో గుళ్ళ ముచ్చట్లు ఎలా ఉన్నాయో, ఫలానా మజిలీలో అంగళ్ళున్నాయా, సరుకులు దొరుకుతాయా అన్న మాటలూ అలాగే ఉన్నాయి. క్లాసులో ఆ పుస్తకం సంగతి చెబుతూంటే, “పుణ్యక్షేత్రానికి వెళ్తూ పప్పూ ఉప్పూ లెక్కలేమిటండీ?” అని కుర్రాళ్ళు నవ్వుతూంటారు. ఐదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని, నాగపూరు, జబల్పూరు మీదుగా అదే కాశీకి నేనూ వెళ్ళివచ్చాను. ఆ లెక్కలు ఎందుకో ఇప్పుడు నా కుర్రాళ్ళకు ఇంకా బాగా చెప్పగలను.

మా చిట్టికి గోధుమ పడదు. పడదంటే, కొందరికి వంకాయ తింటే దురద పుట్టినట్టు కాదు. దానికి సీలియాక్ అనే జబ్బు ఉంది. పొట్ట అనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. గోధుమలో, బార్లీలో, రై అనే మరో ధాన్యంలో గ్లూటెన్ అని ఒక జిగురు మాంసకృత్తు ఉంటుంది. చపాతీపిండిని లాగితే సాగేది దానివల్లనే. ఈ జబ్బు ఉన్నవాళ్ళు ఆ జిగురు తింటే ఒంట్లోని రక్షకశక్తే ఎదురుతిరిగి పేగు లోపలిపొరను పాడుచేస్తుంది. పేగు పాడైతే ఎంత తిన్నా వంటబట్టదు. మూడోయేట మా చిట్టి కాళ్ళూ చేతులూ పుల్లల్లా, పొట్ట కుండలా అయిపోయింది. నులిపురుగులన్నారు, దిష్టి అన్నారు, పాలు మార్చమన్నారు. చివరికి ఒక పిల్లల డాక్టరు రక్తపరీక్ష చేయించి, ఆ పైన పేగులోని ముక్క తీసి చూపించి, “ఇక జన్మలో గోధుమ తాకకూడదు. దీనికి అదే మందు, అదే పథ్యం” అన్నాడు. మానిపించిన ఆరు నెలలకు పిల్ల బుగ్గలు తేలింది.

ఈ సంగతి లోకానికి తెలిసిన వైనం కూడా చిత్రమైనదే. 1920ల్లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు ఇలాంటి పిల్లలకు అరటిపళ్ళు పెట్టి బాగుచేసేవాడు. అరటిపండులో ఏదో మహిమ ఉందనుకున్నారు. అసలు మహిమ పిల్లలు రొట్టె మానడంలో ఉంది. హాలెండులో విల్లెం డికె అనే పిల్లల వైద్యుడికి మొదటినుంచీ గోధుమ మీదనే అనుమానం. 1944–45 శీతకాలంలో యుద్ధం మూలంగా ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె కనబడకుండా పోయింది. ఊరంతా ఆకలితో మాడుతూంటే ఈ రోగపు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ వచ్చేసరికి మళ్ళీ మంచం ఎక్కారు. ఆయన తన పరిశోధనను 1950లో గ్రంథరూపంలో బయటపెట్టాడు.

మన తెలుగుదేశంలో ఇలాంటి పిల్లను పెంచడం అంత కష్టం కాదు. ఇడ్లీ ఉంది, దోసె ఉంది, పెసరట్టు ఉంది, అటుకులున్నాయి, రాగిజావ ఉంది, అన్నిటికీ మించి అన్నం ఉంది. కాని మన వంటింట్లోనూ గోధుమ మారువేషాలతో తిరుగుతుంది. ఉప్మారవ్వ గోధుమదే, సేమ్యా గోధుమదే, కాజా మైదాదే, బొబ్బట్టు పైపొర మైదాదే. జ్వరం వస్తే కాచి ఇచ్చే బార్లీనీళ్ళు సరేసరి. అన్నిటికన్నా గడుసుది ఇంగువ. బజారులో అమ్మే కూటు ఇంగువలో చాలావాటిలో మైదా కలుస్తుంది. చారులో చిటికెడు వేస్తే ఎవరికి తెలుస్తుంది? చిట్టి పేగుకు తెలుస్తుంది.

మా అమ్మకు కాశీ చూడాలని ఏళ్ళనాటి కోరిక. నాన్నగారు ఉన్నప్పుడు అనుకున్నది, ఆయన పోయాక మరీ పట్టుదల అయింది. మనుమరాలిని వదిలి వెళ్ళనంటుంది. చిట్టిని తీసుకువెళ్ళడమంటే మా ఆవిడకు భయం. “పొద్దున పూరీ, మధ్యాహ్నం రొట్టె, రాత్రి పరోటా తినే దేశమండీ అది. పిల్ల ఏం తింటుంది?” అని ఆమె ప్రశ్న. నేను కూడా ఏమీ చెప్పలేకపోయాను. 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన లెక్కలు నా దగ్గర ఉన్నాయి. ఉత్తరాదివాళ్ళు సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటారట, మన దక్షిణాదివాళ్ళు 25 గ్రాములు. ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు అక్కడ నూటికి 1.23 మందిలో కనబడితే ఇక్కడ 0.10 మందిలో కనబడ్డాయి. దీనికి తావిచ్చే జన్యువులు మాత్రం అక్కడ నూటికి 38 మందిలో ఉంటే ఇక్కడ 36 మందిలో ఉన్నాయి. అంటే రక్తంలో తేడా లేదు, కంచంలో ఉంది. ఇన్నాళ్ళూ మనల్ని వరి కాపాడుతూ వచ్చిందన్నమాట. ఆ వరిని వదిలి పోవడమే మా ఆవిడ భయం.

అమ్మ ఆ రాత్రి డాక్టరు ఇచ్చిన కాగితం చదివించుకుంది. పిల్లకు వేరే గిన్నె, వేరే గరిటె, వేరే పెనం ఉండాలి. రొట్టెలు వత్తిన పీటమీద పిల్లది ఏదీ చేయరాదు. పూరీ వేయించిన నూనెలో పిల్లకు అప్పడం వేయించరాదు. గోధుమ ముట్టిన చేయి కడుక్కోనిదే దీని తిండి ముట్టరాదు. అంతా విని ఆమె, “ఇది మడి కదుట్రా! మా అత్తగారి ఇంట్లో నలభై ఏళ్ళు చేశాను. పద, బయలుదేరు” అంది. మనుషుల్ని దూరం పెట్టే మడి అయితే నాకు పనికిరాదు. పిండిని దూరం పెట్టే మడి కనుక తల వంచాను.

2024 జనవరి మొదటివారంలో కాలేజీకి సెలవు పెట్టి, సంక్రాంతి కాశీలో గడిచేటట్టు ప్రయాణం పెట్టుకున్నాం. సామాను సర్దడంలో మా ఇంటి వీరాస్వామయ్యగారు మా ఆవిడే. ఇంగువ లేని పులిహోర మొదటిరోజుకు. ఆ తర్వాతకు బియ్యప్పిండి జంతికలు, మినపసున్నుండలు, నువ్వుండలు, మరమరాలు, వేయించిన అటుకులు, వేరుశనగపప్పు. ఇవిగాక ఐదు కిలోల బియ్యం, కందిపప్పు, రాగిపిండి, చిన్న కరెంటు కుక్కరు ఒకటి, చిట్టి కంచమూ గ్లాసూ చెంచా ఒక ప్రత్యేకమైన ఎర్ర సంచిలో. రైల్లో కుక్కరు పెట్టడానికి వీల్లేదు కనుక దారి పొడుగునా పొడితిండే. ఎర్ర సంచికి కాపలా అమ్మ.

రాత్రి బెజవాడలో ఎక్కితే తెల్లవారి బల్లార్షా దాటాం. అక్కడినుంచి ప్లాట్‌ఫారాల మీద కేకలు మారతాయి. “ఇడ్లీ, వడ” అనే గొంతు వెనుకబడి, “పూరీ భాజీ, సమోసా” అనే గొంతు ముందుకు వస్తుంది. నాగపూరులో మాత్రం అటుకుల ఉప్మా దొరుకుతుంది. దాన్ని పోహా అంటారు. మహారాష్ట్రులకు ఉదయపు ఫలాహారం అది. ఒక పెద్దమనిషి పళ్ళెంలో వేడివేడిగా తెచ్చాడు. మా ఆవిడ అడగవలసినవి అడిగింది. అటుకుల మీద చల్లే కారప్పూస సమోసాలు వేయించిన మూకుట్లో వేయించినదేనని తేలింది. అది లేకుండా, ఇంకా ఏదీ తగలని అటుగిన్నె నుంచి మా గిన్నెలోకి వేయించుకుంది. చిట్టి ఆవురావురుమని తిన్నది. ఇటార్సీలోనూ, జబల్పూరులోనూ అరటిపళ్ళు. హాస్ వైద్యుడు బతికి ఉంటే సంతోషించేవాడు.

నడిరాత్రి మొగల్‌సరాయి చేరాం. 2018లో దానికి పండిత దీనదయాళ్ ఉపాధ్యాయ జంక్షను అని పేరు మార్చారు గాని, ఆటోవాళ్ళు మాత్రం పాత పేరే పిలుస్తున్నారు. గంగ మీది వంతెన దాటుతూంటే మంచు. అమ్మ చీకట్లోనే చేతులు జోడించింది.

కేదారఘాటుకు దగ్గర సందులో ఒక ఇంట్లో రెండు గదులు తీసుకున్నాం. ఆ చుట్టుపక్కల తెలుగు మాట, అరవమాట చెవిన పడుతూనే ఉంటుంది. ఆంధ్రాశ్రమం అక్కడికి దగ్గరే. మధ్యాహ్నం తెలుగు భోజనం దొరుకుతుంది. పులుసులో, చారులో ఇంగువ సంగతి తెలియదు కనుక చిట్టికి కుక్కరులో వండుకున్న అన్నమూ, పప్పూ, పెరుగూ. అంతవరకు బాగానే గడిచింది.

ఆ సాయంత్రం ఘాటు మెట్లమీద పిల్లలందరూ ఆకుదొన్నెల్లో పకోడీలు తింటున్నారు. చిట్టి వాళ్ళకేసి చూసింది. అది అడగదు. ఇంటి దగ్గర పుట్టినరోజు పండుగలకు వెళ్ళినా అందరూ కేకు తింటూంటే తన డబ్బా తెరుచుకుని కూర్చుంటుంది. “నాదేది?” అని మాత్రం అడుగుతుంది. అందరిదీ ఒకటి, దానిది ఒకటి. ఆ మెట్లమీద అది “నాదేది?” అని కూడా అడగకుండా చూస్తూంటే మా ఆవిడ ప్రాణం ఒప్పక ఒక దుకాణానికి వెళ్ళింది. శనగపిండి పకోడీలు. వేరే మూకుడు, వేరే నూనె. “గేహూఁ ఉందా? ఆటా ఉందా?” అని రెండుసార్లు అడిగింది. అతను చెవులు పట్టుకుని లేదన్నాడు.

రాత్రి పది గంటలకు పిల్లకు వాంతులు మొదలయ్యాయి. కడుపునొప్పితో ముడుచుకుపోయింది. మా డాక్టరుకు ఫోను చేస్తే ఉప్పూ చక్కెరా కలిసిన పొడి నీళ్ళల్లో కలిపి గుక్కెడు గుక్కెడు పట్టమన్నాడు. పిల్ల మత్తుగా పడివుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఆ రాత్రి మేమెవరం కన్ను మూయలేదు. తెల్లవారుజామున అది నీళ్ళు నిలుపుకుని నిద్రపోయింది. అప్పుడు అమ్మ నెమ్మదిగా, “విశ్వనాథుణ్ణి చూడకపోతే మానె. ఇవాళే వెనక్కు పోదాం, నాయనా” అంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, జన్మకొక్క కోరిక. నా నోట మాట రాలేదు.

పొద్దున్నే ఆ దుకాణానికి వెళ్ళి అడిగాను. అతను బెదరలేదు, బుకాయించలేదు. “గేహూఁ ఎక్కడ వేశాను బాబూజీ? కరకరలాడడానికి కొంచెం మైదా వేశానంతే” అన్నాడు. అతని లెక్కలో మైదా గోధుమ కాదు! ఆలోచించి చూస్తే అతను అబద్ధం ఆడలేదు. మనం మాత్రం? పొలంలో ఉంటే వరి, కోస్తే వడ్లు, దంచితే బియ్యం, వండితే అన్నం, విరిగితే నూకలు, అణిగితే అటుకులు, పొంగితే మరమరాలు. తిండికి ఆధారమైన గింజకు ప్రతి దేశంలోనూ పది పేర్లుంటాయి. గోధుమ దేశంలో గోధుమకూ అంతే. గింజ గేహూఁ, పిండి ఆటా, తెల్లపిండి మైదా, రవ్వ సూజీ, పెద్దరవ్వ దలియా, సేమ్యా సేవయీఁ. బార్లీకి వేరే పేరు, జౌ. ఒక అట్టమీద ఈ ఏడు మాటలూ దేవనాగరి లిపిలో పెద్దక్షరాలతో రాసి, “ఇవి తింటే మా బిడ్డకు జబ్బుచేస్తుంది. వీటిని ముట్టిన చెయ్యి, గిన్నె, నూనె కూడా పనికిరావు” అని కింద రాశాను. ఆ తర్వాత మా యాత్రలో ఆ అట్ట నా శాలువా కంటె ఎక్కువ ఉపయోగపడింది. గ్లూటెన్ అనే మాట ఎంత చెప్పినా వంటవాడికి ఎక్కదు. ఏడు పిండిపేర్లు చూపిస్తే వెంటనే ఎక్కుతుంది.

నేను గదికి తిరిగి వచ్చేసరికి సామాను సగం సర్దివుంది. వంటింటి గుమ్మం దగ్గర మా ఇంటావిడ తల్లి, డెబ్బై దాటిన మనిషి, నిలబడి సంగతేమిటని సైగ చేస్తోంది. ఆ రోజు మార్గశిర బహుళ ఏకాదశి. ఆమెకు ఉపవాసం. అమ్మకు హిందీ రాదు. ఆమెకు తెలుగు రాదు. ఇద్దరికీ ఏకాదశి అనే మాట వచ్చు. అమ్మ చిట్టిని చూపించి, “రోజూ ఏకాదశి” అంది, వేళ్ళతో లెక్కపెట్టి. నేను హిందీలో విడమరిచి చెప్పాను. ఆ ముసలావిడ చాలాసేపు పిల్లను చూసి, “జన్మంతానా?” అని అడిగింది. ఆ పైన నా అట్ట చూపించనే అక్కరలేదు.

ఉత్తరాదివాళ్ళ ఏకాదశి, నవరాత్రుల ఉపవాసం నిరాహారం కాదు. అది ధాన్యం విడిచిపెట్టడం. గోధుమా ముట్టరు, వరీ ముట్టరు. వాటికి బదులు సింఘాడా, అంటే నీటిలో కాచే ముళ్ళకాయను ఎండబెట్టి విసిరిన పిండి. కుట్టూ అనే మరో గింజ పిండి. దానికి ఇంగ్లీషు పేరులో ‘వీట్’ అని ఉన్నా అది గోధుమజాతి కాదు. రాందానా అనే తోటకూర జాతి గింజలు వేయించి బెల్లంపాకంలో కట్టిన ఉండలు. సగ్గుబియ్యం, బంగాళదుంపలు, సైంధవలవణం. ఇంకా సామా చావల్. పేరు మన సామలకు దగ్గరగా ఉన్నా గింజ మన ఊదలే. వీటన్నిటికీ వ్రతపు గిన్నెలు వేరు, పొయ్యి వేరు. గ్లూటెన్ పేరు వినని ఇంట్లో గ్లూటెన్ లేని వంటిల్లు ఒకటి తరతరాలుగా ఉన్నదన్నమాట!

ఆవిడ ఊదల కిచిడీ, సైంధవలవణం వేసిన బంగాళదుంపల కూర చేసింది. అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని, గింజలు మూడుసార్లు కడిగించింది. కుట్టూపిండితో పూరీలు కూడా చేయబోతే మా ఆవిడ, “ఆ పిండి ఎక్కడ పట్టించారు?” అని అడిగింది. వీధిచివర మరలోనట. ఆ మరలోనే గోధుమలూ పడతారు. మేము వద్దన్నాం. ఆవిడ కోపగించలేదు. “నా వ్రతానికీ ఆ అనుమానమే ఉంది. ఈసారి ఇంట్లో విసురుకుంటాను” అంది. సాయంత్రానికి చిట్టి ఆ కిచిడీ నాలుగు ముద్దలు తిని లేచి కూర్చుంది. సర్దిన సామాను మళ్ళీ విప్పాం.

కాశీలో భిక్ష దొరకక వ్యాసుడంతటివాడు కోపం పట్టలేక ఊరినే శపించబోతే, ముత్తైదువ రూపంలో వచ్చిన అమ్మవారు పిలిచి అన్నం పెట్టిందని శ్రీనాథుడి భీమేశ్వరపురాణంలో కథ. ఎన్నో ఏళ్ళుగా ఆ ఘట్టం పాఠం చెబుతున్నాను. ఆ సాయంత్రం ఆ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంటే ఇక దానికి వ్యాఖ్యానం అక్కరలేదనిపించింది.

తర్వాతి రోజుల్లో విశ్వనాథుడి దర్శనం, విశాలాక్షి, అన్నపూర్ణ, సారనాథ్ అన్నీ చూశాం. కాశీ ఉదయం కచౌరీ, జిలేబీలది. ఆ వీధిలో ఆగకుండా నడిచేవాళ్ళం. చలికాలంలో అక్కడ చూడా మటర్ అని అటుకులూ పచ్చిబఠాణీలూ నేతిలో మగ్గబెట్టి చేస్తారు. మా ఇంటి ముసలావిడే చేసి పెట్టింది. మలయ్యో అని మంచులో ఉంచిన పాలను చిలికి నురగ తీసి, కుంకుమపువ్వు వేసి మట్టిమూకుళ్ళలో అమ్ముతారు. పొద్దెక్కితే కరిగిపోతుంది. చిట్టి మూతికి మీసాలు వచ్చేలా తిన్నది. ఒక హోటలులో ‘ఇడ్లీ’ అన్న బోర్డు చూసి చిట్టి చప్పట్లు కొట్టింది. అట్ట చూపిస్తే, ఆ ఇడ్లీ సూజీతో చేసినదని వడ్డించేవాడు నిజాయితీగా చెప్పాడు. ఉత్తరదేశంలో ఇడ్లీ దొరికిందని సంబరపడేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ప్రయాగలో మాఘమేళాకు గుడారాలు వేస్తున్నారు. కనుచూపుమేర ఇసుకలో గుంజలూ గుడ్డలూ. అక్కడ రెండు రోజులూ తిండికి బెంగే లేకపోయింది. చలికాలపు ప్రయాగ జామపళ్ళకు ప్రసిద్ధి. లోపల ఎర్రగా, పైన నునుపుగా ఉండే జామలు బుట్టలతో ఉన్నాయి. నిప్పుల్లో కాల్చిన చిలగడదుంపలు, ఇసుకలో వేయించిన వేరుశనగకాయలు బండ్లమీద వేడివేడిగా దొరికాయి. పైతోలు తీసి తినేవాటికి మడితో పనిలేదు. మా ఆవిడ మొదటిసారి ఎర్రసంచి దింపి, త్రివేణిలో పడవమీద నిశ్చింతగా కూర్చుంది.

జనవరి 15న సంక్రాంతి నాటికి మళ్ళీ కాశీ చేరాం. ఆ రోజు గోధుమ దేశం తన ఆచారం తానే మార్చుకుంటుంది. అక్కడ సంక్రాంతి పేరే ‘కిచిడీ’. ఇంటింటా బియ్యమూ పొట్టుమినపప్పూ కలిపి కిచిడీ వండుతారు, దానమిస్తారు. నువ్వుండలు, మరమరాల ఉండలు చేస్తారు. మా ఇంటి ముసలావిడ ముందురోజే వచ్చి, “రేపు అందరికీ ఒకటే వంట. హింగు వేయను” అని చెప్పి వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళు ఏడుగురు, మేము నలుగురం, పక్కగదిలో దిగిన గుంటూరు దంపతులు. వ్రతపు గిన్నెలోనే కిచిడీ ఉడికింది. పెరటిలో ఎండలో వరుసగా విస్తళ్ళు వేశారు. చిట్టి తన ఎర్రసంచి తెచ్చుకుని, కంచం తీసుకుని ఒక మూల కూర్చోబోయింది. ముసలావిడ దాని చేయి పట్టుకుని తీసుకువచ్చి బంతి మధ్యలో, తన మనుమల నడుమ కూర్చోబెట్టింది.

విస్తట్లో కిచిడీ వడ్డించాక చిట్టి వాళ్ళమ్మ ముఖంలోకి చూసి, “ఇది నాదా, అందరిదీనా?” అని అడిగింది.

“అందరిదీ” అంది మా ఆవిడ. ఆ మాట అనేసరికి ఆమె గొంతు మారింది. చిట్టి అటువాళ్ళ విస్తరీ ఇటువాళ్ళ విస్తరీ చూసి, అన్నిటిలోనూ ఒకటే ఉన్నదని నమ్మకం కుదిరాక తినడం మొదలుపెట్టింది.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు ప్రయాణాలు మానుకోనక్కరలేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం చాలు. వెళ్ళే దేశపు భాషలో పిండిపేర్లన్నీ రాసిన అట్ట ఒకటి దగ్గర ఉంచుకోవాలి. రెండురోజుల తిండి ఎప్పుడూ చేతిలో ఉండాలి. బస చేసేచోట వండుకోవచ్చునో లేదో ముందే కనుక్కోవాలి. వేపుళ్ళ జోలికి పోకపోవడం మంచిది, ఎందుకంటే నూనె ఒకటే అయివుంటుంది. విడిగా కొలిచి అమ్మే పిండికన్నా గింజలు కొని, ఏరి, కడిగి వాడుకోవడం మేలు. పొట్లాల మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండరాదని మన దేశంలో చట్టం ఉంది. ఆ మాట ఉన్న పొట్లాన్ని తీసుకోవాలి. వ్రతపు తిండి మంచిదే గాని దానిమీద అలాంటి ముద్ర ఉండదు. అందుచేత అడగవలసినవి అడిగే తీరాలి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం పనికిరాదు. పిల్ల కోసమని చెబితే విసుక్కున్నవాళ్ళు మాకు ఈ పన్నెండు రోజుల్లో ఒక్కరే తగిలారు.

కాశీ వెళ్ళినవాళ్ళు ఇష్టమైన కాయా పండూ అక్కడ వదిలి రావడం మనవాళ్ళ ఆచారం. మా వీధిలో ఇద్దరు కాశీ వెళ్ళి వచ్చారు. ఇద్దరూ కాకరకాయే వదిలారు! బయలుదేరే రోజు ఉదయం అమ్మ గంగలో మూడు మునకలు వేసి, పురోహితుడు చెప్పినట్టు సంకల్పం చేసి వచ్చింది. రైలెక్కాక మా ఆవిడ అడిగింది, “ఏం వదిలారు అత్తయ్యగారూ?” అని.

అమ్మకు చక్కెరవ్యాధి. పదేళ్ళుగా రాత్రిపూట రెండు చపాతీలు తింటుంది. మా ఇంట్లో గోధుమపిండి డబ్బా అంటూ మిగిలింది ఆమె కోసమే. ఆ డబ్బా అటకమీద వేరే, ఆ పెనం వేరే.

ఒళ్ళో నిద్రపోతున్న చిట్టి జుట్టు సవరిస్తూ అమ్మ, “గోధుమ వదిలేశానమ్మాయ్. రాత్రికి జొన్నరొట్టె చేసిపెట్టు. డాక్టరును అడిగే వదిలాను లే” అంది.